పాత ట్యాంకు మోటారుకు డబ్బుల్లేవట, పక్కనే కొత్త ట్యాంకుకు గ్రాంటు వచ్చిందట. ఇదెలా?

#1 నీటిబొట్టు
అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఒక మంచినీటి పథకం కమిటీలో రెండేళ్లుగా ఉన్నాను. ఊరు పేరు, ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం.

పన్నెండేళ్ల కిందట ప్రభుత్వ గ్రాంటుతో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. స్తంభాలు, గోడలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. మోటారు వైండింగు కాలిపోయి మాత్రం పద్నాలుగు నెలలైంది. స్టార్టరు పెట్టెలో తొండ కాపురం పెట్టింది. కింద వాల్వు కారుతుంటే ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టారు, ఇప్పుడు అదీ చివికిపోయింది. శిలాఫలకం ఒక్కటే కొత్తదానిలా ఉంది.

మోటారు బాగుచేయించమని మూడుసార్లు రాశాం. "ఈ పద్దు కింద నిధులు లేవు" అని మూడుసార్లూ ఒకటే జవాబు. పోయిన వారం తెలిసిందేమిటంటే, అదే ఆవరణలో ఇంకో ట్యాంకుకు గ్రాంటు మంజూరైంది! మోటారుకు లేని డబ్బు ట్యాంకుకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో తింటున్నారనుకోవాలా, లేక రూలే అలా ఉందా?

#2 గాలిపటం
తింటున్నారు. ఇందులో ఆలోచించడానికేముంది? రిపేరులో మిగిలేదెంత, కొత్త టెండరులో మిగిలేదెంత?

#3 పాత ఓవర్సీరు
గాలిపటం గారూ, తినేవాళ్లు తింటారు, కాదనను. కానీ ఒక్కరూ తినకపోయినా నీటిబొట్టు గారికి ఇదే జవాబు వచ్చేది. ఈ పనుల్లోనే రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ప్రభుత్వ లెక్కల్లో ఖర్చు రెండు రకాలు. కొత్త ఆస్తి కడితే మూలధన వ్యయం, ఉన్న ఆస్తిని నడపడానికి పెడితే రెవెన్యూ ఖర్చు. పైనుంచి వచ్చే గ్రాంట్లు ఎక్కువగా మొదటిదానికే. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే కారణం అర్థమవుతుంది. ట్యాంకుకు మొదలు ఉంది, చివర ఉంది. అంచనా, టెండరు, కొలతల పుస్తకం, ఫైనల్ బిల్లు, వినియోగ ధ్రువీకరణ పత్రం, ఫైలు క్లోజ్. మోటారు ఖర్చుకు చివర ఎక్కడుంది? ఈ ఏడాది ఇస్తే వచ్చే ఏడాదీ అడుగుతారు. పైగా నడిపే ఖర్చు కూడా పైనుంచే వస్తుందని తెలిస్తే కింద ఎవరూ నీటి పన్ను వసూలు చేయరని ఇంకో భయం. ఆ భయం పూర్తిగా తప్పని నేననను.

అందుకే ప్రతి మంజూరు ఉత్తర్వులోనూ "నిర్వహణ బాధ్యత స్థానిక సంస్థదే" అని ఒక వాక్యం ఉంటుంది. మీ పాత ఫైలు తీయించి చూడండి, ఉండి తీరుతుంది. కింద ఎవరో సంతకం కూడా పెట్టి ఉంటారు. గ్రాంటు వచ్చిన సంబరంలో ఆ వాక్యం ఎవరు చదువుతారు? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది మన వ్యవహారం.

#4 లెక్కల పంతులు
ఓవర్సీరు గారు చెప్పినదానికి చిన్న లెక్క కలుపుతాను.

1956 లో అమెరికాలో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన హైవే చట్టం ప్రకారం ఇంటర్‌స్టేట్ రోడ్ల నిర్మాణంలో 90 శాతం కేంద్రానిది, 10 శాతం రాష్ట్రానిది. వేసిన రోడ్డును చూసుకోవడం మాత్రం రాష్ట్రం సొంత ఖర్చు. ఇప్పుడు రాష్ట్ర ఇంజనీరు కుర్చీలో కూర్చుని ఆలోచించండి. కొత్త రోడ్డు మీద నూరు ఖర్చయితే తన జేబులోంచి పోయేది పది. పాత రోడ్డు మరమ్మతుకు నూరు పెడితే నూరూ తనదే. పాతదాన్ని పాడవనిచ్చి, కొత్తది అడగడమే లాభం! 41,000 మైళ్ల వ్యవస్థ వేయడం మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకు, 1976 చట్టంలో గానీ పాత ఇంటర్‌స్టేట్ల పైపొర మళ్లీ వేయడానికి కేంద్రం డబ్బు ఇవ్వలేదు.

ఇందులో దొంగతనం వెతకక్కర్లేదు. లెక్క అటు తోసింది, మనుషులు అటు నడిచారు.

#5 గాలిపటం
సరే, లెక్కే తోసిందనుకుందాం. ఫలితం ఏమైంది? 2007 లో మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన నదిలో కూలింది, 13 మంది పోయారు. మరమ్మతుకు డబ్బివ్వకపోతే అదే జరుగుతుంది.

#6 పాత ఓవర్సీరు
ఈ ఉదాహరణ చాలామంది చెబుతారు గానీ ఇక్కడ సరిగ్గా అతకదండీ. విచారణలో తేలిన అసలు కారణం డిజైన్ లోపం. దూలాలను కలిపే గసెట్ ప్లేట్లు కొన్నిచోట్ల ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. అంగుళం ఉండాల్సిన చోట అరంగుళం. అదీ 1960ల నాటి తప్పు. కూలిన రోజు వంతెన మీద పైపొర పనులు జరుగుతున్నాయి, ఇసుక, కంకర, యంత్రాల బరువు అదనంగా పడింది. అంటే మరమ్మతు లేక కాదు, మరమ్మతు జరుగుతుండగా కూలింది.

మీరు చెప్పదలచుకున్నదానికి సరైన ఉదాహరణ కావాలంటే జపాన్ చూడండి. 2012 డిసెంబర్ 2న ససాగో సొరంగంలో కాంక్రీటు పైకప్పు పలకలు కార్ల మీద పడి 9 మంది చనిపోయారు. పైన పలకలను పట్టి ఉంచిన బోల్టుల పట్టు ఏళ్ల తరబడి సడలుతూ వచ్చింది, దగ్గరికెక్కి సుత్తితో తట్టి చూసినవాళ్లు లేరు. ఆ తర్వాతే 2014 లో వంతెనలు, సొరంగాలన్నింటినీ అయిదేళ్లకోసారి దగ్గరి నుంచి కంటితో చూసి తీరాలని రూలు తెచ్చారు. జపాన్‌లో వంతెనలు ఏడు లక్షల పైచిలుకు. చూడటం మొదలుపెట్టాక చిన్న ఊళ్లకు అసలు సంగతి తెలిసింది: ఉన్నవన్నీ బాగుచేసే స్తోమతు లేదు. ఇప్పుడు అక్కడ వాడకం తక్కువున్న వంతెనను తీసేయడానికి కూడా ప్రభుత్వ సాయం దొరుకుతుంది. తీసేయడానికి గ్రాంటు! మన దగ్గర ఎవరైనా అడిగితే నవ్వుతారు.

#7 సెలయేరు
నాకు ఇవేవీ పెద్దగా తెలియవు, అడుగుతున్నాను. గ్రాంటు అంటే ఉచితంగా వచ్చేదే కదా? అక్కర్లేని ట్యాంకైతే వద్దని వెనక్కి పంపేయొచ్చుగా? ఆ డబ్బుతోనే మోటారు బాగుచేసుకోవచ్చుగా?

#8 ఎడమచేతివాటం
సెలయేరు గారూ, కిటుకంతా అక్కడే ఉంది. అది ట్యాంకు డబ్బు. వద్దంటే మోటారుకు రాదు, ఇంకో ఊరి ట్యాంకుకు పోతుంది. కాబట్టి వద్దనే ధైర్యం ఎవరూ చేయరు.

అలాస్కాలో కెచికాన్ పట్టణానికి ఎదురుగా గ్రావినా అని ఒక దీవి ఉంది. కాపురముండేది యాభై మంది, దాంతోపాటు పట్టణపు విమానాశ్రయం. పడవలో నిమిషాల్లో దాటొచ్చు. దానికి వంతెన కట్టమని 2005 లో అమెరికా కాంగ్రెస్ 22.3 కోట్ల డాలర్లు కేటాయించింది. దేశమంతా నవ్వింది, "ఎక్కడికీ పోని వంతెన" అని పేరుపడింది. చివరికి వంతెన షరతు తీసేసి డబ్బును రాష్ట్రానికి వదిలారు, 2007 లో రాష్ట్రమే వంతెనను రద్దు చేసింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. వంతెన దాకా చేర్చాల్సిన రోడ్డుకు విడిగా డబ్బు వచ్చి ఉంది. ఆ డబ్బు రోడ్డుకు తప్ప మరోదానికి వాడకూడదు, వాడకపోతే వెనక్కివ్వాలి. కాబట్టి దీవి మీద సుమారు 5 కిలోమీటర్ల రోడ్డు వేసేశారు. లేని వంతెన దగ్గరికి రోడ్డు! 2008 కి పూర్తయింది. నీటిబొట్టు గారి రెండో ట్యాంకు దీనికి తమ్ముడే.

#9 లెక్కల పంతులు
ఆర్థికశాస్త్రంలో దీనికి ఫ్లైపేపర్ ఎఫెక్ట్ అని పేరు. ఈగలను పట్టే జిగురు కాగితం ఉంటుంది చూడండి, అలా డబ్బు ఎక్కడ తగిలితే అక్కడే అతుక్కుంటుందన్నమాట. సిద్ధాంతం ప్రకారమైతే ఊరికి వచ్చిన గ్రాంటూ, ఊరి జనానికి పెరిగిన ఆదాయమూ ఒకేలా పనిచేయాలి. పనిచేయవు. గ్రాంటు వస్తే ప్రభుత్వ ఖర్చే ఎక్కువ పెరుగుతుంది.

#10 గాలిపటం
అయితే గ్రాంట్లు ఆపేసి అప్పులివ్వండి. సొంత డబ్బు తిరిగి కట్టాలంటే ఎవడూ రెండో ట్యాంకు అడగడు.

#11 ఎడమచేతివాటం
అదీ చేసి చూశారు. 1972 లో అమెరికా స్వచ్ఛ జలాల చట్టం వచ్చినప్పుడు మురుగునీటి శుద్ధి కేంద్రాల నిర్మాణానికి 75 శాతం గ్రాంటు. అవసరానికి మించి పెద్దవి కట్టేస్తున్నారన్న విమర్శలొచ్చాక 1981 లో దాన్ని 55 శాతానికి తగ్గించే చట్టం చేశారు. 1987 లో గ్రాంట్ల పద్ధతినే మెల్లగా మూసేసి, రాష్ట్రానికో రివాల్వింగ్ ఫండ్ పెట్టారు. తక్కువ వడ్డీకి అప్పు, తిరిగి వచ్చిన కంతులతో ఇంకొకరికి అప్పు. మీరు చెప్పిన పద్ధతే.

#12 వానాకాలం చదువు
మరి అప్పు కట్టలేని ఊరి సంగతో? నాకు ఈ "అప్పిస్తే బుద్ధొస్తుంది" వాదన వింటే ఒళ్లు మండుతుంది. అదే రివాల్వింగ్ ఫండ్ కథలో తర్వాతి అధ్యాయం కూడా చెప్పాలి కదా. ఇళ్లకు వెళ్లే సీసం గొట్టాలు మార్చడానికి 2021 చట్టంలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి, మంచినీటి కోసం అదే పద్ధతిలో పెట్టిన ఫండ్ల ద్వారా పంపారు. కానీ అందులో 49 శాతం వెనకబడిన ప్రాంతాలకు గ్రాంటుగానో, మాఫీ చేసే అప్పుగానో ఇవ్వాలని షరతు పెట్టారు. అప్పు మాత్రమే ఇస్తే విషపు గొట్టాలు బీదవాళ్ల ఇళ్ల కిందే మిగిలిపోతాయని వాళ్లకూ తెలిసింది.

ఉన్నవాడికి అప్పు, లేనివాడికి గ్రాంటు. ఇంత తేలిక మాటకు యాభై ఏళ్లు పట్టింది.

#13 గాలిపటం
సరే, ఈ మాట ఒప్పుకుంటున్నాను. లేనివాడెవడో తేల్చేది ఎవరన్నది వేరే గొడవ.

#14 చుక్కాని
అర్జీ బాగా రాయగలిగినవాడే లేనివాడు :) 

నేను అర్జీలు రాసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి అంటున్నాను. బ్రిటన్‌లో వెనకబడిన ప్రాంతాలను పైకి తేవడానికని పెట్టిన 480 కోట్ల పౌండ్ల లెవెలింగ్ అప్ ఫండ్‌ను పోటీ పద్ధతిలో పంచారు. కౌన్సిళ్లు కన్సల్టెంట్లను పెట్టుకుని, డబ్బు పోసి అర్జీలు తయారుచేయించుకున్నాయి. రానివాళ్లకు ఆ ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే. పోటీ పెడితే మంచి పనులకు డబ్బు వెళుతుందంటారు. నేను చూసినంతలో మంచి ఫైళ్లకు వెళుతుంది. సొంతంగా ఇంజనీరు, అకౌంటెంటు లేని చిన్న సంస్థ తన కష్టమేమిటో కాగితం మీద పెట్టలేదు.

ఇక గడువు ఒకటి. యూరోపియన్ యూనియన్ నిధుల్లో, కేటాయించిన సొమ్ముకు మూడేళ్లలోగా లెక్క చూపకపోతే అది వెనక్కి పోతుంది. మన ఆఫీసుల్లో మార్చి నెలాఖరు హడావిడి అందరికీ తెలిసిందే. గడువు తరుముతుంటే ముందుగా పూర్తయ్యేది సిమెంటు పనే. ఆలోచన పని వెనకబడుతుంది. 2014 లో యూరోపియన్ ఆడిటర్లు ఈయూ డబ్బు పుచ్చుకున్న 20 విమానాశ్రయాలను తనిఖీ చేస్తే, దాదాపు సగం చోట్ల ఆ ఖర్చు అవసరమేనని రుజువు కాలేదు.

#15 పాత ఓవర్సీరు
నీటిబొట్టు గారు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు. సైకిల్ ట్యూబు ముక్కను బట్టి నా ఊహ నాకుంది. భారతదేశమే అయితే ఈ రెండు సంగతులు పనికొస్తాయి.

ఒకటి, మరమ్మతును ముందే కట్టిపెట్టే పద్ధతి మనకు తెలియనిది కాదు. 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు చూసుకోవాలని ఒప్పందంలోనే ఉంటుంది. ఆ అయిదేళ్ల నిర్వహణ ఖర్చు రాష్ట్రం భరించాలి. రాష్ట్రం వేళకు ఇవ్వకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అయినా ఆరో ఏడు దాకా ప్రశ్న రాకుండా ఆపగలిగింది. ట్యాంకులకూ ఇలాంటి షరతు ఎందుకు పెట్టరన్నది నాకు ఎప్పటికీ అర్థంకాని విషయం.

రెండు, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసింది 2,36,805 కోట్ల రూపాయలు. అందులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సింది: సగం మంచినీరు, వాననీటి నిల్వ వంటివాటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, స్థానిక అవసరాలకు, జీతాలకు మాత్రం వాడకూడదు. ఆ ఖాతాలో ఏముందో, దేనికి వాడారో ముందు అడగండి. ట్యాంకు గ్రాంటు ఒక్కటే గ్రాంటు కాదు.

#16 సెలయేరు
ఇంతమంది ఇన్ని దేశాల కథలు చెప్పారు. మరమ్మతుకు గ్రాంటిచ్చే దేశమే లేదా?

#17 లెక్కల పంతులు
ఉంది. న్యూజిలాండ్‌లో స్థానిక రోడ్లకు జాతీయ రవాణా నిధి నుంచి సగటున సగం పైచిలుకు వాటా వస్తుంది. ఆ వాటా నిర్వహణకు కూడా వర్తిస్తుంది. మీ దగ్గర ఎన్ని రోడ్లు, ఏ స్థితిలో, ఎప్పుడు ఏది చేస్తారు అని ప్రణాళిక చూపించాలి. కొత్తదానికీ పాతదానికీ ఒకే వాటా అనేసరికి పాతదాన్ని పాడుపెట్టడంలో లాభం పోయింది. #4 లో చెప్పిన లెక్క తిరగబడిందన్నమాట.

ఎంత నష్టపోతున్నామో తెలియాలంటే 1994 నాటి ప్రపంచ బ్యాంకు నివేదికలో ఒక పోలిక ఉంది. ఆఫ్రికాలో పదేళ్లలో రోడ్ల నిర్వహణకు వేళకు 1,200 కోట్ల డాలర్లు పెట్టి ఉంటే, తిరిగి కట్టడానికి అయ్యే 4,500 కోట్లు మిగిలేవట.

#18 గాలిపటం
అవినీతి మాట అందరూ దాటేస్తున్నారు. నేను వదలను. ఏ పద్ధతి పెట్టినా దొంగకు దారి దొరుకుతుంది.

#19 చుక్కాని
దాటేయొద్దు. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఇండోనేషియాలో 600 పైగా ఊళ్లలో గ్రాంటుతో వేసిన రోడ్ల మీద ప్రయోగం చేశాడు. ఇంజనీర్లను పంపి, వేసిన రోడ్డును అక్కడక్కడా తవ్వించి, రాయి ఎంత, ఇసుక ఎంత కొలిపించాడు. బిల్లుల్లో ఉన్నదానికీ నేలలో ఉన్నదానికీ తేడాయే తిన్నది. కొన్ని ఊళ్లకు "మీ పనికి తప్పకుండా ప్రభుత్వ ఆడిట్ వస్తుంది" అని ముందే చెప్పారు. అక్కడ తేడా 8 శాతం పాయింట్లు తగ్గింది. కొన్నిచోట్ల ఊరి సభలకు జనాన్ని ఎక్కువగా పిలిచి లెక్క చెప్పించారు. దానివల్ల మొత్తం మీద పెద్దగా తగ్గలేదు. ఊరి సభలో అందరూ అందరికీ కావాల్సినవాళ్లే, ఎవరు ఎవరిని నిలదీస్తారు? సభలు వద్దని కాదు. తవ్వి చూసేవాడు బయటివాడై ఉండాలి.

#20 వానాకాలం చదువు
తవ్వి చూడటం! ఇదొక్కటి చాలు నాకు, ఈ చర్చ అంతా చదివినందుకు.

#21 నీటిబొట్టు
పాత ఫైలు దొరికింది. ఓవర్సీరు గారూ, మీరన్న వాక్యం నాలుగో పేజీలో ఉంది. కింద సంతకం అప్పటి కమిటీ పెద్దది. ఇప్పుడు మా పక్కనే కూర్చుంటారు, చూపిస్తే "అప్పుడు అందరూ పెట్టమన్నారు" అన్నారు. ఆయన్ని అని లాభం లేదు. ఇప్పుడేం చేయాలో చెప్పండి.

#22 పాత ఓవర్సీరు
ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. మోటారు రివైండింగు అని రాస్తే అది రిపేరు, రెవెన్యూ పద్దు, డబ్బుల్లేవు. అదే కొత్త మోటారు, ప్యానెల్ బోర్డు, వాల్వులు, పైకి వెళ్లే పైపు అన్నీ కలిపి, ఆస్తి ఆయుష్షు పెంచే పునరుద్ధరణగా ఒకే అంచనా వేయిస్తే అది మూలధన పనే. ఇందులో మోసం లేదు, లెక్కల పద్ధతే అది. మంజూరైన గ్రాంటు మార్గదర్శకాల్లో "కొత్త నిర్మాణం" అని మాత్రమే ఉందా, "పునరుద్ధరణ" కూడా ఉందా చూడండి. ఉంటే పని మార్చమని తీర్మానం చేసి పంపండి. డబ్బు ఖర్చుకాక ముందే పంపాలి, టెండరు అయ్యాక ఎవరూ వినరు.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు గానీ ఇదే ముందు అడగాల్సింది. బోరులో నీళ్లెన్ని? ట్యాంకు నీళ్లు పుట్టించదు. ఒకే బోరు మీద రెండు ట్యాంకులంటే ఒక ట్యాంకు ఎండుతుంది.

#23 నీటిబొట్టు
మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

బోరులో నీళ్లెన్ని అంటే ఎవరి దగ్గరా లెక్క లేదు. మోటారు అరువు తెచ్చి దించాం. 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఫోన్లో టైము చూశాం. మొదటిసారి 96 సెకన్లు, గంట తర్వాత 100, మూడు గంటల తర్వాత కూడా 100. అంటే గంటకు 7,200 లీటర్లు. పాత ట్యాంకు 60,000 లీటర్లది, నింపడానికే ఎనిమిది గంటలకు పైన పడుతుంది. రెండోది కూడా అంతే కడతారట. దాన్ని నింపేది ఎప్పుడు?

ఈ లెక్కనే తీర్మానంలో రాశాం. డ్రమ్ము ఫోటో కూడా జతచేశాం. వచ్చిన ఇంజనీరు పాత ట్యాంకు ఎక్కి, సుత్తితో స్తంభాలు తట్టి చూసి "ఇంకా పదిహేనేళ్లు ఢోకా లేదు" అన్నారు. కాగితం మీద రాసివ్వమంటే కాస్త తటపటాయించి రాశారు. మార్గదర్శకాల్లో పునరుద్ధరణ అనే మాట ఉంది. ఫైలు పైకి వెళ్లింది, ఏమంటారో చూడాలి. నీటి పన్ను మాట కూడా సభలో వచ్చింది. గొడవైంది, తేలలేదు.

#24 పాత ఓవర్సీరు
మంచి పని చేశారు. ఆ డ్రమ్ము పరీక్ష నడి వేసవిలో మళ్లీ ఒకసారి చేయండి. ఇప్పటి 100 సెకన్లు అప్పుడు 180 కావచ్చు. పైవాళ్లు అడిగేది ఆ అంకే.